మూడు మైకుల మనిషి

ఆయన్ని అందరూ మైకాయన అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉందిగానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. నాలుగు రోడ్లు కలిసే చోట, ఒక రెండంతస్తుల భవనం మెట్ల కింద ఆయన కొట్టు. ఎంత గొప్పవాడైనా లోపలికి రావాలంటే తల వంచాల్సిందే. పనిబల్ల మీద పొట్టలు విప్పిన యాంప్లిఫయర్లు, గోడకు రేకు హార్నులు, ఎప్పుడూ సీసం కరిగిన వాసన. ఆ వాసన చొక్కాల్లోంచి వదిలించలేక ఆయన భార్య పాతికేళ్ల కిందటే చేతులెత్తేసింది.

కూడలికి ఒక పక్క గుడి, దానికి ఎదురుగా మసీదు, వందడుగులు నడిస్తే చర్చి. నగరం పెద్దదే కానీ వీధులు ఇరుకు. ఇరుకు వీధిలో దేవుళ్లు కూడా సర్దుకుని కూర్చోవాలి. మూడు చోట్లా మైకులు బిగించిందీ, వాటికి జబ్బు చేస్తే బాగుచేసిందీ ఈయనే. "ఇంతకీ నువ్వు ఎటు పోతావయ్యా?" అని ఎవరైనా అడిగితే, "నేను మూడింటికీ పోతాను, నిచ్చెన వేసుకుని" అనేవాడు. అడిగినవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. నవ్వించి తప్పించుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఎందుకంటే మనిషి మహా పిరికివాడు. ఈ మాట నేను వెక్కిరించడానికి అనడం లేదు. ఆయన భయం ఎలాంటిదో తెలియకపోతే ఆయన చేసిన పని ఎంతటిదో తెలియదు.

పంతొమ్మిదేళ్ల కిందట ఆ కూడలిలో మైకుల గురించే గొడవ జరిగింది. ఒకరు కాస్త పెంచారు, ఇంకొకరు ఇంకాస్త పెంచారు, మూడోవాళ్లు ఊరుకుంటే చేతగానివాళ్లనుకుంటారని వాళ్లూ పెంచారు. మొదట పెంచింది ఎవరని మాత్రం అడక్కండి. ఆ రోజుల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ల తలలే ముందు పగిలాయి. మైకాయనా, ఆయన భార్యా ఆ పనిబల్ల కింద ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేలా ముడుచుకుని ఒక పగలూ ఒక రాత్రీ గడిపారు. పక్కనున్న దర్జీ కొట్టు తగలబడుతుంటే గోడ వేడెక్కింది. ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్న మనిషికి ఆ వేడి ఎలా ఉంటుందో చెప్పాల్సిన పని లేదు. బయట ఎవరు ఎవర్ని కొడుతున్నారో ఆయన చూడలేదు. విన్నాడు. ఆయన చెవులు అప్పట్లో పాము చెవులు.

గొడవ చల్లారాక గుడి పూజారి, మసీదు పెద్దాయన, చర్చి పాస్టరు, ముగ్గురూ వేర్వేరుగా బయలుదేరి ఒకే చోటికి చేరారు. అది ఈ మెట్ల కింద కొట్టే. తలలు వంచుకుని కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. మూడు చోట్లా యాంప్లిఫయరు మీద చెక్కపెట్టె బిగించి తాళం వెయ్యాలి. మూడు తాళంచెవులూ మైకాయన దగ్గరే ఉండాలి. మూడు నెలలకొకసారి ఆయన కూడలిలో పోస్టు డబ్బా దగ్గర నిలబడి, ఒక్కొక్కటీ వేయించి విని, మూడింటినీ ఒకే మట్టానికి తేవాలి. ఆయన చెవి ఎంత చెబితే అంత. కాగితం లేదు, సంతకం లేదు. నగరంలో పెద్ద పెద్ద ఆఫీసులు చెయ్యలేని పనిని ఒక మనిషి చెవి పంతొమ్మిదేళ్లు చేసింది.

అందుకు ఆయనకు గర్వం ఉండేది. ఉండదా మరి? హార్నులో గరగర వినగానే ఏ మర వదులైందో కింద నుంచే చెప్పేవాడు. తీగ మీద పిట్ట వాలితే కూడా తేడా తెలుస్తుందని కోసేవాడు. కోతలు కొయ్యని మైకు మెకానిక్కు ఉంటాడా!

ఇక మనం ఒక సోమవారానికి వద్దాం. ఆ రోజు కూడలిలో గోడకు ఒక నోటీసు అంటించారు. మైకుల మోత భరించలేకపోతున్నామని ఎవరో ఫిర్యాదు చేశారట. గురువారం సాయంత్రం నాలుగింటికి సౌండు ఆఫీసరు మీటరు తీసుకొచ్చి అందరి ఎదుటా కొలుస్తాడట. హద్దు దాటినవాళ్ల మైకు జప్తు. ఫిర్యాదు ఎవరిదో నోటీసులో లేదు. అదే వచ్చింది చిక్కు. పేరు లేని చోట ఎవరికి నచ్చిన పేరు వాళ్లు రాసుకుంటారు. సాయంత్రానికల్లా మూడు చోట్లా కుర్రకారు గుమిగూడి, ఫిర్యాదు చేసింది ఫలానావాళ్లేనని తేల్చేశారు. మూడు చోట్లా తేలిన ఫలానావాళ్లు వేరు.

మైకాయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "కొలుచుకోనీ అమ్మా! మనది తూచినట్టుంటుంది" అని పళ్లమ్మే ఆవిడతో చెప్పి నవ్వాడు. మంగళవారం ఆఫీసువాళ్లు వచ్చి, ఈలోగా ఎవరూ ముట్టుకోకుండా మూడు పెట్టెల తాళాల మీదా కాగితాలు అంటించి ముద్రలు వేసినప్పుడు, జిగురు డబ్బా పట్టుకుని వెంట తిరిగింది ఈయనే.

బుధవారం ఆయనకు ఒక సరదా పుట్టింది. రేపు ఎలాగూ కొలుస్తారు కదా, ముందే అంకె చూసుకుంటే ఆఫీసరు చెప్పకముందే తాను చెప్పి గొప్పగా కనిపించొచ్చు. సభలకు సౌండు సిస్టమ్‌లు అద్దెకిచ్చే ఒక స్నేహితుడి దగ్గర మీటరు అరువు తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం మసీదులో ప్రార్థనకు పిలిచే వేళకు పోస్టు డబ్బా దగ్గర నిలబడి చూశాడు. ఉండాల్సింది అరవై ఐదు డెసిబెల్లు. మీటరు తొంభై రెండు చూపించింది.

మీటరు పాడైందనుకున్నాడు. తట్టి చూశాడు, బ్యాటరీ మార్చాడు. నాలుగింటికి చర్చి మైకులో గంట మోగింది. తొంభై రెండు. దీపాలు పెట్టే వేళ గుడిలో పాట మొదలైంది. తొంభై రెండు. ఒక్క అంకె తేడా లేకుండా మూడూ సమానం. ఆయన పనితనానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ మూడూ హద్దు దాటి ఎక్కడికో వెళ్లిపోయాయి.

అప్పుడాయన మొదటిసారి చుట్టూ చూశాడు. పాట వస్తున్నంతసేపూ పళ్లమ్మే ఆవిడ బేరం ఆపేసి, రెండు చూపుడువేళ్లూ చెవుల్లో పెట్టుకుంది. పాట ఆగాక తీసి, మళ్లీ బేరం మొదలుపెట్టింది. రోజూ చేసే పనిలా చేసింది. ఆమె అలా చెయ్యడం ఆయన చాలాసార్లు చూశాడు. పాపం, తలనొప్పి మనిషి అనుకున్నాడు.

తన చెవులకు ఆ పాట మునుపటిలాగే, సరిగ్గా ఉండాల్సినంతే వినపడింది. ఇంకా చెప్పాలంటే ఒక వెంట్రుకవాసి తక్కువే అనిపించింది. నిరుడు కూడా అలాగే అనిపించి, హార్నులు పాతబడ్డాయిలే అని మూడు చోట్లా చిన్న తిప్పు తిప్పాడు. అంతకు ముందేడూ తిప్పాడు. దాని ముందేడూ. మీటరు సంచీలో పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లాడు. వంటగదిలో భార్య కూరలు తరుగుతోంది. రేడియో వార్తలు చెబుతోంది.

"రేడియో ఎంతలో పెట్టావే?"

ఆమె కత్తిపీట పక్కన పెట్టి లేచి ఆయన ఎదురుగా వచ్చింది. ఎప్పుడూ అలాగే ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి మాట్లాడుతుంది. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత కూడా ఇంత ప్రేమా అని ఆయన మురిసిపోతుండేవాడు. ఆమె తన రెండు చెవుల్లోంచీ రెండు దూది ఉండలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్లు దాటిందండీ."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను. మీకు వినపడలేదు."

వేరే రోజైతే ఈ మాటకు ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లే. ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఆమె మంచినీళ్లిస్తే సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"రేపు మూడింటికీ తొంభై రెండు వస్తుందే. అప్పుడేమంటారు? తాళాలు ఈయన దగ్గరున్నాయి, ఈయన పెంచడు, కాబట్టి వాళ్లు దొంగ తాళంచెవి చేయించారు అంటారు. వాళ్లు పెంచారు కాబట్టి మావాళ్లు పెంచారు అంటారు. మూడు మూలలా అదే మాట. ఇక చూస్కో."

"పోనీ మా అక్కావాళ్లింటికి వెళ్లిపోదామండీ, నాలుగు రోజులు."

"తాళంచెవులున్నవాడు పారిపోయాడంటే, ఇంకేం కావాలి? ఆ నిప్పు నేనే అంటించినట్టు."

"అయితే ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి."

ఆయన భార్య మొహంలోకి చూశాడు. చెప్పేస్తే బతుకుతెరువు పోతుంది. చెవిటి మైకు మెకానిక్కును ఎవరు పిలుస్తారు? కాళ్లు లేని పోస్టుమాన్ని పెట్టుకున్నట్టే. చెప్పకపోతే వీధి పోతుంది. ఆ రాత్రి ఆయనకు నిద్ర రాలేదంటే ఎవరైనా నమ్ముతారు. నమ్మలేనిది ఏమిటంటే, వీపుకు ఆ గోడ వేడి తగులుతోందని రెండుసార్లు లేచి కూర్చున్నాడు. వాళ్ల ఇంటికి ఆ గోడే లేదు.

గురువారం పొద్దున్నే చెప్పేద్దామని గుడికి బయలుదేరాడు. మెట్ల మీద పది పన్నెండు మంది కుర్రాళ్లు కూర్చున్నారు. మామూలుగా ఆ వేళకు వాళ్లలో ఎవడూ నిద్ర లేవడు. ఒకడు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబాయ్, నువ్వు చెప్పు. అవతలివాళ్లదే కదా ఎక్కువ? రానీ, సాయంత్రం తేల్చుకుంటాం."

వాడి పెదాల మీద నవ్వుంది. భుజం మీద చేతి బరువు మాత్రం వేరేగా ఉంది. ఆయన "ఆఁ, ఊఁ" అని ఏదో గొణిగి వెనక్కి తిరిగాడు. చర్చి దగ్గరా ఇదే వరస. మసీదు మెట్ల మీదా ఇదే వరస. కొట్టుకు తిరిగొచ్చాడు. వీధిలో సగం దుకాణాలు మధ్యాహ్నానికే షట్టర్లు దించేశాయి. పళ్లమ్మే ఆవిడ బండి తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగింటికి సౌండు ఆఫీసరు జీపులో వచ్చాడు. పోస్టు డబ్బా పక్కన ముక్కాలిపీట వేసి దాని మీద మీటరు పెట్టించాడు. పూజారి, మసీదు పెద్దాయన, పాస్టరు ముగ్గురూ ముందుకొచ్చారు. పంతొమ్మిదేళ్లుగా ఎదురుపడితే పలకరించుకునే మనుషులు, ఆ రోజు ముగ్గురూ మీటరు వంకే చూస్తూ నిలబడ్డారు. ముగ్గురి వెనకా ముగ్గురి జనం. ప్రార్థనలు అక్కర్లేదు, ఒక్కో చోట ఒక మనిషి మైకులో అంకెలు లెక్కపెడితే చాలని ఆఫీసరు చెప్పాడు.

మొదట గుడి మైకు. హలో, ఒకటి, రెండు, మూడు. ఆఫీసరు తొంభై రెండని పైకి చదివాడు. మసీదు వైపు జనంలో కలకలం. తర్వాత మసీదు మైకు. తొంభై రెండు. గుడి వైపు జనం ముందుకు కదిలింది. చర్చిది కూడా తొంభై రెండేనని చదివేసరికి ఇక ఎవరి మాట ఎవరికీ పట్టలేదు.

మైకాయన తన భార్య పక్కనే, జీపు వెనక నిలబడి ఉన్నాడు. ఆయనకు మాటలు తెలియడం లేదు, ఒట్టి హోరు తెలుస్తోంది. కానీ నోళ్లు కనపడుతున్నాయి. దొంగ తాళంచెవి. దొంగ తాళంచెవి. మూడు వైపులా నోళ్లు ఒకే మాట అంటున్నాయి. ఎవడో ఎవడి చొక్కా కాలరో పట్టుకున్నాడు. ఒకతను వంగి రోడ్డు పక్కన ఏదో వెతుకుతున్నాడు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామని నిజంగానే అనుకున్నాడు. సందు అక్కడే ఉంది, పదడుగులు. కాళ్లు సందు వైపే తిరిగాయి కూడా. ఎందుకో జీపు మెట్టెక్కాయి.

"నేనే పెంచాను! ఎవరూ దొంగ తాళంచెవి చెయ్యలేదు. ఏటా నేనే పెంచాను. నాకు చెవులు వినపడవు!"

ఎవరో నవ్వారు. పొద్దున భుజం మీద చెయ్యి వేసిన కుర్రాడు ముందుకొచ్చాడు.

"ఎవర్ని కాపాడుతున్నావు బాబాయ్? పొద్దున నాతో మాట్లాడావు కదా!"

"నీ నోరు చూసి మాట్లాడాను నాయనా."

"మొన్న నాతో అరగంట మాట్లాడాడు, చెవుడేంటి!" అని చర్చి వైపు నుంచి ఇంకొకరు. "నాటకం! వాళ్లు నేర్పించిన నాటకం!" అని మసీదు వైపు నుంచి మరొకరు. పంతొమ్మిదేళ్లు ఆయన చెవిని నమ్మినవాళ్లు, ఆ చెవి పోయిందంటే మాత్రం నమ్మడం లేదు. మసీదు పెద్దాయన దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"తమ్ముడూ, నిజం చెప్పు. భయపడి చెబుతున్నావా?"

"భయంగానే ఉందన్నా. కానీ నిజం."

పాస్టరు ఆఫీసరు వైపు చూశాడు. ఆ ఆఫీసరు వయసులో చిన్నవాడే కానీ, బుర్ర ఉన్నవాడు. మైకాయన్ని చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీదికి తీసుకెళ్లి, జనానికి వీపు పెట్టి నిలబెట్టాడు. ఎదురుగా వచ్చి కళ్లు మూసుకోమన్నాడు. ఎవరైనా పిలిస్తే తిరగమన్నాడు.

కళ్లు మూసుకుంటే లోకం దూరంగా వెళ్లిపోయింది. అరికాళ్లకు రోడ్డు వేడి, మొహానికి ఎండ, లోపల గుండె దడ. అంతే. ఇప్పుడాయనకు కొత్త భయం పట్టుకుంది. ఏదైనా వినపడితే? ఇంతకాలం వినాలని చెవులు రిక్కించినవాడు, ఇప్పుడు ఒక్క ముక్క కూడా వినపడకూడదని వేడుకుంటున్నాడు. ఎవర్ని వేడుకున్నాడో ఆయనే చెప్పలేడు. మూడు చోట్లా ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లే వినాలి.

వెనక ఇరవై అడుగుల దూరంలో ఏం జరిగిందో ఆయనకు తర్వాత చెప్పారు. ముందు పూజారి పిలిచాడు, తర్వాత పాస్టరు, తర్వాత మసీదు పెద్దాయన. కదల్లేదు. "పేరు పెట్టి పిలిస్తే ఎవడైనా ఓర్చుకుంటాడు" అన్నాడు కాలరు పట్టుకున్నవాడు. నిజమే, ఓర్చుకోవచ్చు. అప్పుడు ఆఫీసరు ఎవరికీ చెప్పకుండా తన డ్రైవరు చెవిలో ఏదో అన్నాడు. ఆ డ్రైవరు ప్రాణం పోతున్నట్టు గొంతు చించుకుని అరిచాడు.

"లారీ! బ్రేకుల్లేవు! తప్పుకోండి, తప్పుకోండి!"

జనం జనమంతా ఒక్క దూకు దూకారు. ఎవరు ఎవర్ని లాగారో, ఎవరు ఎవరి మీద పడ్డారో చూసుకునే తీరిక లేదు. గుడివాళ్లు మసీదు గోడకు అంటుకుపోయారు. చర్చివాళ్లు గుడి మెట్లెక్కారు. మైకాయన భార్య ఆయన వైపు పరుగెత్తబోతే, ఎవరో ఆమె నడుం పట్టి వెనక్కి లాగారు. లారీ లేదు, ఏమీ లేదు. నడిరోడ్డు మీద ఆయనొక్కడే వీపు తిప్పుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని బుద్ధిగా నిలబడి ఉన్నాడు. అంతమందీ ఆ వీపునే చూస్తూ ఉండిపోయారు.

ఎంతసేపటికీ ఎవరూ భుజం తట్టకపోయేసరికి ఆయనే కళ్లు తెరిచాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

రోడ్డు ఖాళీ. మీటరు పీట మీద నుంచి కింద పడి ఉంది. ఒక చెప్పు ఇక్కడా, ఒక చెప్పు అక్కడా. మనుషులంతా గోడలకు కరుచుకుని, పాలిపోయిన మొహాలతో తన వంకే చూస్తున్నారు. ఎవరి నోరూ కదలడం లేదు. భార్య కనపడలేదు. నిండుగా ఉన్న రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అయిందంటే ఆయనకు తెలిసిన అర్థం ఒకటే. మొదలైపోయింది. తాను చెప్పింది ఎవరూ నమ్మలేదు, రాళ్లు లేచాయి, మొదటి రాయి పడిన చప్పుడు కూడా తనకు వినపడలేదు.

ఆయన ఉన్నచోటనే గొంతుక్కూర్చుని, తల మోకాళ్ల మధ్య పెట్టి, రెండు చేతులూ తల మీద కప్పుకున్నాడు. "నేనే పెంచాను, నేనే పెంచాను" అంటూనే ఉన్నాడు. గొంతు ఎంత పైకి వస్తోందో ఆయనకు తెలియదు. కూడలి నాలుగు వైపులా వినపడింది.

వీపు మీద ఒక చెయ్యి పడింది. ఇంకా గట్టిగా ముడుచుకున్నాడు. ఇంకొక చెయ్యి. తర్వాత భుజాల మీద, మోచేతుల మీద, తల మీద కప్పుకున్న వేళ్ల మీద, ఎన్నో చేతులు. ఎవరెవరివో చూడటానికి ఆయన తల ఎత్తలేదు. అవి కొట్టడానికి వచ్చిన చేతులు కావని తెలియడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.